కారుకి గుగ్గిలం పెట్టిన మనిషి

మొన్న శనివారం సాయంత్రం మా కోడలు నిప్పుల మీద గుగ్గిలం వేసి ఇల్లంతా పొగ పట్టించింది. దోమలు పోతాయని ఎవరో చెప్పారట. దోమలు పోయాయో లేదో గానీ, ఆ వాసన తగలగానే నేను కత్తిపీట పక్కకి నెట్టి కళ్ళు మూసుకుని కూర్చుండిపోయాను. “ఏమైంది అత్తయ్యా, పొగ పడలేదా?” అని కంగారు పడింది. “పొగ కాదమ్మా, మా చినమావయ్యగారు వచ్చారు” అన్నాను. ఆయన పోయి ముప్పయ్యేళ్ళు దాటింది. పాపం ఆ పిల్ల వీధి గుమ్మం వైపు చూసింది.

ఆయన మా మావగారి తమ్ముడు. పడవలు కట్టేవారు. గుగ్గిలం పొడి కొట్టి, నూనెలో కాచి, దూది అందులో ముంచి, బల్లకీ బల్లకీ మధ్య సందుల్లో ఉలితో కూరేవారు. ఎన్ని స్నానాలు చేసినా ఆ వాసన ఆయన ఒంటి మీంచి పోయేది కాదు. ఆయన ఇంట్లో ఎక్కడున్నారో నేను ముక్కుతోనే చెప్పగలిగేదాన్ని.

నీళ్ళంటే ఆయనకి పగ. కాలువ గట్టున పుట్టి, కాలువ మీద బతికిన మనిషికి పగేమిటంటారా? ఆయన మాటల్లోనే చెప్పాలంటే, “నీళ్ళకి సిగ్గూ ఎగ్గూ లేదు అమ్మాయ్. సూది మొనంత సందు ఇస్తే చాలు, సంసారం పెట్టేస్తాయి.” ఇంట్లోకి కొత్త బిందె వస్తే తిన్నగా వంటింట్లోకి రావడానికి వీల్లేదు. అరుగు మీద పొడి బూడిద పరిచి, దాని మీద నీళ్ళు నింపిన బిందె పెట్టి, మధ్యాహ్నం దాకా ఆయన పక్కన కూర్చునేవారు. బూడిద తడిస్తే బిందె అంగడికి తిరిగిపోవలసిందే. దేన్ని చూసినా వేలి కణుపుతో కొట్టి, తల వంచి చెవి పెట్టడం ఒకటి. తలుపు, పనసపండు, గోడ, ఏదైనా సరే. ఒకసారి మాట్లాడుతూ మాట్లాడుతూ మా చినత్తయ్యగారి నెత్తి మీద కూడా కొట్టారు. “లోపల ఏమీ లేదని తెలిసిపోయిందా?” అంది ఆవిడ. “ఉన్నదంతా నోట్లోకి వచ్చేసిందే” అన్నారు ఈయన.

నేను కాపరానికి వచ్చిన రోజు మా నాన్న సారె సామాను దింపించి అరుగు మీద కూర్చున్నాడు. చినమావయ్యగారు అలవాటు చొప్పున ఇత్తడి సామానంతా బూడిద మీద వరసగా పెట్టి నీళ్ళు పోశారు. ఇదేం మర్యాదో తెలియక మా నాన్న మొహం మాడిపోయింది. గుమ్మం చాటు నుంచి నేను చూస్తూనే ఉన్నాను, ఒక చెంబు కింద బూడిద నల్లగా తడిసింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయనా చూశారు. చూసి, భుజం మీది కండువా దాని మీద పడేసి, “అన్నీ బంగారంలా ఉన్నాయి బావగారూ” అని, కండువాతో సహా ఆ చెంబు చంకలో పెట్టుకుని పాక వైపు వెళ్ళిపోయారు. మూడో నాడు అది అతుకు వేసుకుని వంటింట్లో తక్కినవాటి పక్కన కూర్చుంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

ఆ పాకే ఆయనకి సర్వస్వం. మా ఊరు ఉయ్యూరు దాటాక బందరు కాలువ గట్టు మీద ఉంది. ఇంటి వెనక రోడ్డుకీ కాలువకీ మధ్య తాటాకు పాక. కాలువ వైపు తెరుచుకుని ఉండేది, రోడ్డు వైపు దడి. ఇది డెబ్బైల మొదట్లో మాట. అప్పటికే ధాన్యమూ కొబ్బరికాయలూ లారీలెక్కేశాయి. పడవ కట్టించుకునేవాడు లేడు. పాకలో సగం కట్టిన పడవ ఒకటి అలాగే ఉండిపోయింది. దాన్ని కట్టమన్న ఆసామీ లారీ కొనుక్కున్నాడు. ఈయన రోజూ పొద్దున్నే వెళ్ళి, ఆ పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఉలులు నూరుకుని, కాలువ వైపు చూస్తూ కూర్చునేవారు.

మా మావగారికి ఎరువుల కొట్టు. ఊళ్ళో అందరూ పొలాలకి ఎరువులు మరిగారు, బస్తాలు పెట్టడానికి చోటు చాలడం లేదు. ఆయన చెడ్డ మనిషి కాదు. తమ్ముడు ఖాళీగా కూర్చోవడం చూడలేకపోయేవారు.

“ఒరే, ఎన్నాళ్ళని ఆ పడవ ముందు కూర్చుంటావు? అదేమైనా గుడ్డు పెడుతుందా? పాక తీసేసి గోడౌను వేద్దాం. నువ్వు కొట్లో కూర్చో. ఫ్యాను కింద పని.”

“ఫ్యాను కింద కూర్చుంటే నాకు చేతులు తిమ్మిరెక్కుతాయి అన్నయ్యా.”

ఇలా నడుస్తుండగా ఒక వేసంకాలం, రైసు మిల్లు షావుకారుగారింట్లో ఉయ్యాల బల్ల బిగించడానికి వెళ్ళారు చినమావయ్యగారు. అక్కడ గడ్డివాము పక్కన రేకుల కింద ఒక బుల్లి కారు. షావుకారుగారి తండ్రి దొరల కాలంలో కొన్నదట. తుప్పు పట్టి ఇటుక రంగుకి తిరిగింది, చక్రాలు సగం నేలలోకి దిగిపోయాయి, కిటికీలోంచి కోడిపెట్ట ఒకటి తల బయటపెట్టి చూస్తోంది. ఈయన వెళ్ళి పైకప్పు మీద కణుపుతో కొట్టారు. తలుపు మీద కొట్టారు. కింద కొడితే అప్పడంలా విరిగి వేలు లోపలికి పోయింది.

ఇంటికొచ్చి ఆ సాయంత్రం నాతో ఏమన్నారో ఇప్పటికీ గుర్తే. “పైన బతికే ఉంది అమ్మాయ్. అడుగు పోయింది, అంతే. అడుగు పోవడం నా దగ్గర జబ్బు కిందే లెక్కకాదు.”

ఉయ్యాల బల్లకి కూలి బదులు ఆ కారు ఇచ్చెయ్యమన్నారు. “పట్టుకుపో నాయనా, పాములు చేరుతున్నాయి” అన్నారు షావుకారుగారు.

చక్రాలు తిరగని కారుని ఎలా తేవాలి? రెండు పడవలు కలిపి కట్టి, దాని మీదికి ఎక్కించి కాలువలో తెచ్చారు. ఊరంతా గట్టు మీదికి వచ్చేసింది. వెనక చుక్కాని దగ్గర చినమావయ్యగారు పెళ్ళికొడుకులా నిలబడ్డారు. కారులో కోడిపెట్ట. అది గుడ్లు పొదుగుతోంది, ఎంత అదిలించినా దిగలేదు. షావుకారుగారి భార్య పెట్టని పంపమని కబురు పెడితే మా చినత్తయ్యగారు ఒప్పుకోలేదు. “పిల్లలు దిగేదాకా దాన్ని కదిపితే ఊరుకోను. మీ కారు ఎక్కడికీ పారిపోదు” అంది. అందుకని మూడు వారాలు ఆయన ముందు సీటు వైపే పని చేశారు, వెనక సీటు జోలికి పోలేదు.

మా మావగారు వచ్చి చూశారు. “కారు కొన్నావా, కోళ్ళగూడు కొన్నావా?”

“ఇది నడుస్తుంది అన్నయ్యా.”

“సరే, ఒక మాట. దసరాల్లో నన్ను దీంట్లో బెజవాడ తీసుకెళ్ళి అమ్మవారి కొండ కింద దింపు. దింపావా, నీ పాక జోలికి నేను రాను. లేదా, పండగ వెళ్ళిన మర్నాడు పాక తీయించేస్తాను. నువ్వు నోరెత్తకుండా కొట్లోకొచ్చి కూర్చోవాలి.”

చినమావయ్యగారు ఒక్క క్షణం పాక కప్పు వైపు చూసి, “అలాగే” అన్నారు.

ఇంజను సంగతి ఆయనకి తెలియదు. బెజవాడ పటమటలో షెడ్డున్న మెకానిక్ సాయిబుగారొకరు, పాత ఇంజన్లంటే ప్రాణం పెట్టే మనిషి, ఒక ఆదివారం వచ్చి దాన్ని విప్పి లారీలో వేసుకుపోయారు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ పంచుకున్నారు. “ఇంజను నాది, అడుగు మీది పెద్దాయనా. మీ పనిలో నేను వేలు పెట్టను, నా పనిలో మీరు పెట్టొద్దు.” ఆ పంపకమే తర్వాత కొంప ముంచింది, చెబుతాను.

ఆ మూడు నాలుగు నెలలూ మా ఇంట్లో కొబ్బరి పీచు మిగలలేదు. ఇటుకముక్కతో గీకడం, పీచుతో తోమడం, కిరసనాయిలు గుడ్డతో తుడవడం. కారు పేరు ముందు భాగాన ఇనప అక్షరాల్లో ఉండేది. నాది ఐదో తరగతి చదువు, అవేమో ఇంగ్లీషు అక్షరాలు, పైగా సగం ఊడిపోయాయి. నేను బుజ్జమ్మ అని పిలిచేదాన్ని. అడుగు రేకు మొత్తం తీసేయవలసి వచ్చింది. దాని బదులు వేయడానికి మంచి టేకు బల్లలు కావాలి. ఉన్నవి ఒక్కచోటే. సగం కట్టిన పడవలో.

మొదటి బల్ల ఊడదీసిన రోజు ఆయన అన్నానికి రాలేదు. రెండో రోజు వచ్చి రెండుసార్లు పెరుగు వడ్డించుకున్నారు. ఇంక ఆ పడవ మాట మళ్ళీ ఎత్తలేదు.

బల్లలు పరిచి, సందుల్లో గుగ్గిలం కూరి, కింద తారు పూశారు. కారుకి గుగ్గిలం పెట్టిన మనిషి ఈ భూమ్మీద ఈయనొక్కరే అయ్యుంటారు. తర్వాత తుప్పు చిల్లులన్నీ పూడ్చడం. నా వేళ్ళు సన్నంగా ఉంటాయని నన్ను సాయం పిలిచేవారు. నేను కారు కింద చెయ్యి పెట్టి తడుముతూ, “ఇక్కడొకటి మావయ్యగారూ” అంటే, ఆయన అక్కడ మాటు వేసేవారు. అలా తడుముతుంటే తలుపుల అడుగు అంచున చిల్లులు తగిలాయి. ఉన్న రెండు తలుపులకీ రెండేసి. గుండ్రంగా, నున్నగా, అన్నీ ఒకే కొలత.

ఆయన వంగి చూసి నివ్వెరపోయారు. “హంసలదీవి వైపు తిరిగే ఉప్పునీటి పడవలకి పురుగు పడుతుంది అమ్మాయ్. చెక్కని ఇలాగే గుండ్రంగా తొలిచేస్తుంది. ఇనుముని కూడా తొలిచే పురుగు ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.”

“ఇంకా లోపలే ఉందంటారా?” అని నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

“ఉంటే గుగ్గిలానికి చస్తుంది” అని నాలుగూ దిట్టంగా పూడ్చేశారు. పూడ్చాక బొటనవేలితో ఒకసారి రాసి, తృప్తిగా నవ్వారు.

ఆశ్వయుజం ఇంకా రాకముందే పరీక్ష పెట్టారు. కొత్త పడవ కారుతుందో లేదో చూడాలంటే ముందు లోపల నీళ్ళు పోసి చూస్తారు. కారుకీ అంతే. సీట్లు బిగించకముందు, మా వీధి ఆడవాళ్ళం కాలువ నుంచి బిందెలతో మోసి అడుగంతా నింపాం. కింద పొడి బూడిద పరిచారు. పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా ఒక్క చుక్క దిగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మా మావగారు కూడా కొట్లోంచి వచ్చి వంగకుండానే చూసి, “ఊఁ” అన్నారు. తర్వాత ఆ నీళ్ళు డబ్బాతో తోడి పారబోశాం. తోడితే గానీ నీళ్ళు బయటికి పోలేదన్న సంగతి, చూస్తున్న అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. మా అందరివీ పడవ బుర్రలే.

ఇంజను వచ్చింది. బోటుకి వేయగా మిగిలిన చిలకపచ్చ రంగు వేశారు. చినత్తయ్యగారు పాత మంగళగిరి చీర జరీ అంచుతో సహా సీట్లకి కుట్టింది. సాయిబుగారు పాక ముందున్న కాలువ గట్టు మీద డ్రైవింగు నేర్పారు. చుక్కాని కర్ర ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది కదా. ఆయన చేతులకి అదే అలవాటు. “ఎడమకి పెద్దాయనా, ఎడమకి” అంటుంటే నిబ్బరంగా కుడికి తిప్పి గడ్డివాములోకి తీసుకుపోయారు. గడ్డి పీకి ఇద్దర్నీ బయటికి లాగాం. సాయిబుగారు గడ్డంలో గడ్డిపరకలు ఏరుకుంటూ, “నాకు ఇంటి దగ్గర నలుగురు పిల్లలున్నారండీ” అన్నారు.

దసరాల్లో తొమ్మిదో రోజు బయల్దేరాం. కారు రోడ్డెక్కాలంటే పాకకి రోడ్డు వైపు దడి కోయాలి. చినమావయ్యగారు కొడవలి పట్టుకుని తటపటాయిస్తుంటే, “ఎలాగూ తీసేసే పాకేగా, కొయ్యి” అన్నారు మా మావగారు. పట్టు కండువా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. వెనక నేనూ చినత్తయ్యగారూ. బుజ్జమ్మకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఒక్క తిప్పుకే కదిలింది. ఉయ్యూరులో జనం ఆగి చూస్తుంటే నాకు నవ్వాగలేదు.

కంకిపాడు దాటేదాకా అంతా బాగానే ఉంది. అక్కడ వాన పట్టుకుంది. పడవ మనిషికి అడుగు మీద ఉన్న శ్రద్ధ నెత్తి మీద ఉండదు. ముందద్దం చుట్టూతా, పైకప్పు అతుకులోంచీ, కిటికీ అద్దాల సందుల్లోంచీ నీళ్ళు దిగడం మొదలెట్టాయి. దిగినవి దిగినట్టు లోపలే నిలిచాయి. ముందు పాదాలు తడిశాయి. పెనమలూరు వచ్చేసరికి చీలమండలు మునిగాయి. తలుపుల కడుపుల్లో కూడా నీళ్ళు చేరి, గతుకు వచ్చినప్పుడల్లా గుడగుడమంటున్నాయి.

“ఏమండోయ్, నన్ను కారెక్కించారా, పడవెక్కించారా?” అంది చినత్తయ్యగారు కాళ్ళు సీటు మీద పెట్టేసుకుని.

“అమ్మాయ్, నా చెప్పు ఒకటి మీ వైపు వచ్చిందేమో చూడు” అన్నారు మా మావగారు ముందుకే చూస్తూ. నిజంగానే వచ్చింది. తేలుతూ వచ్చింది. అమ్మవారికని తెచ్చిన గిన్నెతో నేను కిటికీలోంచి నీళ్ళు తోడుతూనే ఉన్నాను. చినమావయ్యగారి మెడ వెనక నరం లేచి కనపడుతోంది.

పటమటలో సాయిబుగారి షెడ్డు ముందు ఆపారు. వాన తగ్గింది. సాయిబుగారు తలుపు తీశారో లేదో, నీళ్ళు గడప పొర్లి ఆయన కాళ్ళ మీద పడ్డాయి.

“ఇది కారా, చేపల చెరువా పెద్దాయనా?” అని నవ్వబోయి, చినమావయ్యగారి మొహం చూసి ఆపేశారు. తలుపు తట్టి విన్నారు. పంపకం ప్రకారం అంతవరకూ ముట్టని అడుగు అంచుని వంగి తడిమారు. “ఇక్కడ రెండు చిల్లులుండాలే?”

“ఉండేవండీ. పురుగు తొలిచిందని పూడ్చేశాం” అన్నాను.

“పురుగేంటి తల్లీ! అవి కారు చేసినవాళ్ళే పెట్టారు. అద్దం సందులో దిగిన నీళ్ళు బయటికి పోవడానికి.”

“నీళ్ళు పోవడానికా?” అన్నారు చినమావయ్యగారు. “కావాలనే పెట్టారా?”

“కావాలనే.”

ఆయన పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయారు. చాలాసేపు చేతులు తిప్పి చూసుకున్నారు. ఆ తర్వాత అన్నగారి వైపు తిరిగారు. “యాభయ్యేళ్ళుగా నీళ్ళు లోపలికి రాకుండా చూశాను గానీ, వచ్చినవాటికి దారెటో ఎప్పుడూ ఆలోచించలేదు అన్నయ్యా. పడవలో మనిషి తోడతాడు. ఇక్కడ తోడేవాడు ఉండడు కదా. ఇంత చిన్న సంగతి తెలియనివాడికి పాకెందుకు? తీయించెయ్యి. ఎల్లుండి నుంచి కొట్లోకి వస్తాను.”

మా మావగారు పంచె పిండుకుంటున్నారు. ఎన్నడూ నడుం వంచని మనిషి, ఆ బురదలో మోకాలు ఆనించి కారు కిందికి తొంగి చూశారు. చెయ్యి పెట్టి తడిమారు. లేచి అరచెయ్యి చూసుకున్నారు.

“సాయిబుగారూ, లోపల ఇన్ని నీళ్ళున్నాయి. కింద చెక్క సందుల్లోంచి ఒక్క చుక్కయినా కారడం లేదేం?”

“నేనూ అదే చూస్తున్నానండీ. నా షెడ్డుకొచ్చే పాత కార్లన్నిటికీ అడుగే ముందు పోతుంది. ఇలాంటి అడుగు నేను చూడలేదు.”

మా మావగారు తమ్ముడి ముందుకొచ్చి నిలబడ్డారు. “నేను కొండ కింద దింపమన్నాను. కొండ ఇంకా రాలేదుగా? లే. చిల్లులు పెట్టు.”

సాయిబుగారు కరెంటు డ్రిల్లు తెచ్చారు. చినమావయ్యగారు వద్దని, సీటు కింద సంచిలోంచి తన చేతి బర్మా తీసుకున్నారు. తలుపు కింద మొన ఆనించారు. తిప్పడం లేదు. అడుగున చిల్లి పెట్టడమంటే ఆయనకి ఎలా ఉంటుందో సాయిబుగారికి తెలియదు, మాకు తెలుసు. చినత్తయ్యగారు వెళ్ళి పక్కన కూర్చుని, “కానివ్వండి. నేనున్నానుగా” అంది, అదేదో మందు తాగించేటప్పుడు అన్నట్టు.

తిప్పారు. గుగ్గిలం రాలింది, వెనకే సన్నటి ధారగా నీళ్ళు ఆయన మణికట్టు మీదుగా కారాయి. ఆయన చెయ్యి తీయలేదు. ధార చుక్కలయ్యేదాకా అలాగే పట్టుకుని చూశారు. నాలుగూ అయ్యాక కారులోకి దూరి, తను పరిచిన టేకు బల్లల్లో తనే రెండు చిల్లులు పెట్టారు. పెట్టి, కణుపుతో ఒకసారి కొట్టి చెవి పెట్టి విన్నారు. “ఇప్పుడు ఊపిరి తీస్తోంది” అన్నారు.

కొండ దగ్గర తాళ్ళు కట్టి బళ్ళు ఆపేశారు. ఆ తాడు దాకా వెళ్ళి ఆపారు చినమావయ్యగారు. మళ్ళీ తుంపర మొదలైంది. లోపల పడ్డ చినుకు పడ్డట్టే కిందికి పోతోంది. మా మావగారు దిగారు. తడిసిన పట్టు కండువా సర్దుకుని, కొండ వైపు చూసి దణ్ణం పెట్టుకుని, రెండడుగులు వేసి ఆగారు.

“ఒరే, ఆ దడి కోసిన చోట అలా బోడిగా వదిలేయకు. రెండు రెక్కల తలుపులు పెట్టు. కారు పట్టేలాగా.”

చినమావయ్యగారు కారు దిగి, భుజం మీది కండువా తీసి, ఆ వానలో, తడుస్తున్న కారుని అటు తిరిగి తుడవడం మొదలుపెట్టారు.